యాభై ఎనిమిదో పెట్టె వెనక

గుంతకల్లు యార్డులో రాత్రి రెండు దాటింది.
ముద్దనూరుకు పోయే బొగ్గు బండి.
ముందర ఇంజన్లో దస్తగిరి.
ముప్పావు కిలోమీటరు వెనక, బ్రేక్ వ్యాన్లో
నేను, నా టార్చి, నా టిఫిన్ డబ్బా –
రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల చట్నీ.

పచ్చదీపం అటూ ఇటూ ఊపుతా.
చెయ్యి అడ్డంగా ఊగుతుంది,
సంగతి నేరుగా పోతుంది.

తొమ్మిదో తరగతిలో హంపయ్య సారు
బట్టలారేసే నైలాన్ తాడు కిటికీ ఊచకు కట్టి
షాహీన్ జడ రిబ్బన్ అడిగి తీసుకుని
తాడు నడిమధ్యన ముడేసి
ఒక్క విదిలింపు విదిల్చినాడు.
గూని ఒకటి లేచి కిటికీ దాకా ఉరికింది.
రిబ్బన్ మాత్రం ఎగిరి, దిగి,
ఉన్నచోటనే ఉండిపోయింది.
"సూసినారా, తాడు పైకీ కిందికీ ఆడె, అల పొడుగునా పాయె.
తిర్యక్ తరంగం. రాసుకోండి."

రెండోది చూపించడానికి స్ప్రింగు కావాల.
"స్ప్రింగు బీరువాలో ఉండాది,
తాళంచెవి హెడ్మాస్టరు కాడ ఉండాది,
హెడ్మాస్టరు అనంతపురంలో ఉండాడు" అన్నాడు సారు,
సుద్దముక్కతో బోర్డు మీద గీతలు గీసినాడు.
దగ్గర దగ్గరగా కొన్ని, ఎడమెడంగా కొన్ని.
సంపీడనం, విరళీకరణం.
అనుదైర్ఘ్యం అనేసరికి
వెనక బెంచీలో ఎవరో తుమ్మినారు.
పరీక్షలో రాసినా. మార్కులొచ్చినాయి.
అర్థం రాలేదు.

హారన్.
దస్తగిరి లాగినాడు.
ఎక్కడో చీకట్లో ఠంగ్ మంది.
ఒకటో పెట్టె కదిలింది. నేనింకా కదల్లేదు.
ఠంగ్. ఠంగ్. కప్లింగుల్లో సందు
ఒక్కొక్కటే విప్పుకుంటా వస్తాంది,
ఎవరో ఇనప తలుపులు వరసగా తీసుకుంటా
నా దిక్కే నడిచొస్తున్నట్టు.
ఇరవై. ముప్పై ఐదు.
కమ్మీ పట్టుకుంటా, మోకాళ్ళు రవ్వంత వంచుతా.
యాభై ఏడు,
యాభై ఎనిమిది,
నేను.

పెట్టెలన్నీ జానెడు జానెడు ముందుకు జరిగినాయి,
కుదుపు మాత్రం వెనక్కే వచ్చింది.
పోయిందీ వచ్చిందీ ఒకే పట్టాల మీద,
పక్కకు అంగుళం తొలగకుండా.
బీరువాలో ఉండిపోయిన మీ స్ప్రింగు
ఇదే గదా సారూ!

గుత్తి కొండ మీద సగం చందమామ.
వెలుతురు తాడు జాతిదంట.
హారన్ మాది, గూడ్సు బండి జాతి:
గాలి గాలిని తోసి, ఆ గాలి ఇంకో గాలిని తోసి
ఆఖరి పెట్టె నా చెవి.

రాయలచెరువు లూపులో బ్రేకు పడింది.
ఒకదాని వీపున ఇంకోటి, దాని వీపున ఇంకోటి.
సంపీడనం.
నోరు తిరగని ఆ మాట ఇప్పుడు నడుముకు తెలుసు.
దస్తగిరి ముఖం నేను చూసేది
సంతకం పెట్టే కాడ రెండు నిమిషాలు.
బ్రేకు పట్టే తీరులో మాత్రం
నిద్రొస్తాందో, ఇంట్లో కొట్లాడి వచ్చినాడో
చెప్పగలను.
ఈ రోజు బాగానే ఉన్నాడు, పాపం,
టీ తాగినట్టుంది.

ఎక్స్‌ప్రెస్ పోవాల. ఆగినాం.
సీసాలో నీళ్ళు ఇంకా ఊగుతానే ఉన్నాయి.
తేడాలు రాయండి, రెండు మార్కులు.
ఒకటి చెయ్యి ఊపితే పోయేది.
ఇంకోటి వీపు ఒగ్గితే వచ్చేది.
సారు ఉంటే ఒకటిన్నర వేసి
"దిశల గురించి రాయలేదేమ్మా" అని ఉండును.

రొట్టె విప్పినా. సగం తిన్నా.
ముందరెక్కడో మళ్ళా ఠంగ్.
డబ్బా మూతపెట్టి
కమ్మీ పట్టుకున్నా.