ఫుల్టన్ వాళ్ళెవరు?

రాత్రి ఎనిమిదికి చికాగోలో కదులుతుంది.
రోజూ. మంచు పడ్డా, మిసిసిపి పొంగినా,
నేను సెలవు పెట్టినా.

మూడో పెట్టె నాది. డెబ్బైకి పైగా సీట్లు.
ఎక్కినవాళ్ళ తలల పైన, సామాను అర అంచున
చీటీ గుచ్చుతాం: దిగే ఊరు, మూడక్షరాల్లో.
పేర్లు రాయం.
నిద్రపోయిన మనిషికి ఊరొక్కటి మిగిలితే చాలు.

కాన్కకీ దాటాక దీపాలు తగ్గిస్తాను.
అప్పటిదాకా ఫోన్లలో, చిప్స్ పొట్లాల్లో ఉన్నవాళ్ళు
ఒక్కొక్కరే మాయమైపోతారు.
నోళ్ళు తెరుచుకుంటాయి, మెడలు వాలతాయి,
ఎవరి చెయ్యో పక్కవాళ్ళ ఒళ్ళో పడుంటుంది.
పగలైతే ఇద్దరూ క్షమాపణలు చెప్పుకునేవాళ్ళు.

నిద్రపుచ్చడం నా పని కాదు. లేపడం నా పని.
భుజం ముట్టుకోకూడదు, అది కంపెనీ రూలు.
మొహాన టార్చి వెయ్యకూడదు, అది నా రూలు.
సీటు చేతిని రెండుసార్లు తట్టి
ఊరి పేరు చెప్తాను, చెవిలో మంత్రం ఊదినట్టు.
మాట్టూన్. ఎఫింగమ్. సెంట్రేలియా.
ఎంత మొద్దునిద్రలో ఉన్నా
సొంత ఊరి పేరు వినగానే
కాళ్ళు చెప్పుల కోసం తడుముకుంటాయి.

ఆ రాత్రి ఒహాయో నది వంతెన మీద
చక్రాల చప్పుడు బోలుగా మారింది,
ఖాళీ బిందెలోకి ఎవరో మాట్లాడినట్టు.
నడవలో ఒక చీటీ పడుంది.
ఎఫ్. టి. ఎన్. నా రాతే.
ఫుల్టన్, కెంటకీ. ఇంకో ముప్పావు గంట.
పైన చీటీ లేని సీట్లు రెండు, అటొకటి ఇటొకటి.

ఎడమ పక్క ఒక కుర్రాడు.
బూట్ల లేసులు బిగించి, సంచి పట్టీ
మణికట్టుకు రెండు చుట్లు చుట్టి
నిటారుగా కూచునే నిద్రపోతున్నాడు.
కుడి పక్క ఒక పెద్దావిడ,
కోటు కప్పుకుని, కాళ్ళు సీట్లోకి ముడుచుకుని.
బూట్లు కింద జతగా ఉన్నాయి,
లోపల ఉండ చుట్టిన మేజోళ్ళు,
సొంత మంచం పక్కన విడిచినట్టు.

ఎక్కినప్పటి మొహాలు గుర్తు చేసుకున్నాను.
ఎనిమిదింటికి అందరూ ఒకే మొహంతో ఎక్కుతారు.

బూట్లేసుకున్నవాడే కదా దిగేవాడు,
ఇందులో ఆలోచించేదేముంది!
తట్టాను. "ఫుల్టన్."
ఉలిక్కిపడ్డాడు. చేతులు ముందు బూట్ల మీదికి పోయాయి,
తర్వాత సంచి మీదికి. ఆ తర్వాతే నన్ను చూశాడు.
"నాది మెంఫిస్, మేడమ్."
నేనడగకుండానే, తప్పు చేసినవాడిలా,
"షెల్టర్లో విప్పితే పొద్దుటికి ఉండవు.
అలవాటైపోయింది."

క్షమించమన్నాను. పర్లేదన్నాడు.
కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు.
మెలకువగా ఉన్నవాళ్ళ ఊపిరి నాకు తెలుసు.
మెంఫిస్ దాకా మిగిలిన నాలుగు గంటలూ
నేనే చింపేశాను.
ఏ కౌంటర్లో తిరిగిస్తారు వాటిని?

పెద్దావిడ మాత్రం
ఎవరో కాఫీ తెచ్చినట్టు నెమ్మదిగా కళ్ళు విప్పింది.
"వచ్చేసిందా?"
"అరగంట ఉందండీ. చీటీ పడిపోయింది, ఎవరిదో తెలీక..."
"చీటీ ఎందుకు తల్లీ? నువ్వు లేపుతానన్నావుగా."

అన్నానా?
అందరితోనూ అంటాను, తలుపు దగ్గర,
ఎటో చూస్తూ. "పడుకోండి, లేపుతాను."
ఒక రాత్రికి డెబ్బైసార్లు.
ఆ మాట మీద ఆవిడ మేజోళ్ళు విప్పేసుకుంది.

ఫుల్టన్‌లో నిమిషమే ఆగుతుంది.
పసుపుపచ్చ మెట్టుపీట కింద పెట్టాను.
దిగుతూ నా ముంజెయ్యి గట్టిగా పట్టుకుంది.
ఆ రూలు మాకే, ఆవిడకి కాదు.
ఒక్క దీపం. దాని కింద ఇంజన్ ఆపని పికప్.

తిరిగొచ్చి కొత్త చీటీ రాశాను: ఎమ్. ఇ. ఎమ్.
కుర్రాడి తల పైన గుచ్చాను.
"లేపుతాను," అన్నాను,
ఈసారి అతన్నే చూస్తూ.
తలూపాడు. నమ్మాడో లేదో.

డయర్స్‌బర్గ్ దాటాక అటుగా వెళ్ళాను.
బూట్లు విప్పలేదు.
ఒక లేసు మాత్రం ఊడి, వేలాడుతోంది.
ముందునుంచీ అంతేనేమో,
చీకట్లో నేనే సరిగ్గా చూడలేదేమో.
టార్చి వెయ్యలేదు.