రెండో పోత

"రేపట్నించి రావద్దు బెర్నాడూ" అని
షిప్‌యార్డు కాంట్రాక్టరు అన్న వారానికి
మా ఆయన పూర్ణా మార్కెట్ నుంచి
ఒక బస్తా భుజానేసుకొచ్చేడు.
లోపల తెల్లటి పలకలు.
జున్ననుకుని స్టెల్లా వేలితో గీరి నాకింది.
మైనం.
రుచీ లేదు, పచీ లేదు.
ఇరవై ఐదు కిలోల భయాన్ని
మంచం కిందకి తోసి ఆ రాత్రి పడుకున్నాం.

జ్ఞానాపురంలో మా ఇల్లంటే
ఒక గది, ఒక వంటిల్లు,
రైలెళ్తే అదిరే ఒక గోడ.
అచ్చులు ఆ గోడవార పెట్టకూడదని
ఒత్తులన్నీ పక్కకి జరిగేక తెలిసింది.
ఇడ్లీ గిన్నెలో మైనం కరగబెట్టకూడదని
నెల్రోజులు ఆ ఇడ్లీలు తిన్నాక తెలిసింది.
ఒత్తి నిటారుగా నిలవాలంటే
పైన అడ్డంగా ఓ పుల్ల ఉండాలని మాత్రం
ఎవరూ చెప్పలేదు,
ఊడుస్తుంటే విరిగిన చీపురే చెప్పింది.

ఆయన వెల్డింగు మనిషి.
ఇనుముని ఏడిపించినవాడు
మైనం ముందు పిల్లాడైపోయేడు.
ఎక్కువ కాగితే పొగ, తక్కువ కాగితే మచ్చలు.
అచ్చు అంచుదాకా పోస్తాం, హమ్మయ్య అనుకుంటాం,
చల్లారేసరికి నడుమ గుంట పడుంటుంది
ఎవరో బొటనవేలితో నొక్కిపోయినట్టు.
కల్తీ సరుకని ఆయన
మార్కెట్టుకెళ్ళి దెబ్బలాడి కూడా వచ్చేడు.

అప్పుడు నోరిప్పింది అంతోనమ్మత్త.
రెండు కళ్ళకీ శుక్లాలు.
గుంటలో వేలు పెట్టి చూసి నవ్వింది.
"కల్తీ ఏటి కాదర్రా.
చల్లారినప్పుడు ఏదైనా కుంగుతాది.
ఇంకాసింత పొయ్యండి."

నీకెలా తెలుసని మేం అడగలేదు. తనే చెప్పింది.
చిన్నతనంలో, సమాధుల పండగ మర్నాడు
తెల్లారకముందే తమ్ముణ్ణి లేపుకెళ్ళి
రాళ్ళ మీద కారి గడ్డకట్టిన మైనాన్ని
గోళ్ళతో గీరి, రేకుడబ్బాలో కరగబెట్టి
బొప్పాయి కాడల్లో పోసి
మళ్ళీ కొవ్వొత్తులు చేసి అమ్మేవారట.
"సచ్చిపోయినోలు ఎప్పుడూ ఏటీ అన్లేదు.
కాపలావోడే తరిమీవోడు."

ఆ రోజు నుంచి రెండో పోత ఆవిడది.
కళ్ళతో పని లేదు,
అచ్చుని చెంపకి ఆనించి
ఇంకా కాదు, ఇంకా కాదు, ఇప్పుడు, అంటుంది.

అక్టోబరు చివర
గుడి పక్క కొట్టాయన మూడొందలు అడిగేడు.
ఒక్కోటి నాలుగున్నర.
స్టెల్లా లెక్కల నోటు వెనకపేజీలో
రాబడి ఒక గీత,
పోబడికి పేజీ చాలక తిప్పాల్సొచ్చింది.

ఆఖరి డజను కాగితం చుట్టిన రాత్రి
సముద్రం మీంచి గాలి లేచి
కరెంటు పోయింది.
చీకట్లో నలుగురం.
మంచం కింద మూడొందల కొవ్వొత్తులు.
ఒక్కళ్ళూ లేవలేదు.
నాలుగున్నర, నాలుగున్నర అని
ఒకటే లెక్క గదంతా తిరుగుతోంది.
నల్లుల్లా కుట్టే లెక్క.

"ఏటి, దీపాలు పోనాయా?" అంది అత్త.
మా మాటలాగిపోవడమే ఆవిడకి చీకటి.
కాగితం చించిన చప్పుడు.
"వంకరవి వేరే సంచిలో ఉన్నాయత్తా" అన్నాను గాభరాగా.
"వంకరేటో తిన్ననేటో
నాకేటి అగుపడతాదే!" అంది.
అగ్గిపుల్ల గీసింది.

పరీక్షకని వెలిగించి ఊదేసినవే గానీ
మేం చేసింది ఒకటి
చివరిదాకా వెలగడం మేమెప్పుడూ చూళ్ళేదు.
మంట కదిలినప్పుడల్లా
ఆయన చేతుల మీది పాత కాలిన మచ్చలూ
కొత్త కాలిన మచ్చలూ కలిసి కదిలేయి.
స్టెల్లా ఎప్పుడు నిద్రపోయిందో చూడలేదు.

ఆ వెలుగులోనే నోటు తీసి
పోబడి కింద ఆయన రాసేడు:
ఇంటి వాడకం, ఒకటి.

పొద్దున్న లేచేసరికి
గచ్చు మీద కారినదంతా
గోటితో గీరి డబ్బాలో వేస్తోంది అత్త.