అద్దం కాస్త పైకి

యూనియన్ స్ట్రీట్ దాటి సముద్రం వైపు తిరిగితే
అబర్దీన్ గాలికి మొహమాటం లేదు.
ఎడమ చెవి మీంచి కుడి చెవికి
పొద్దున్నే నేను కట్టిన వంతెనను
ఒక్క విసురుకు లేపి
బస్‌స్టాప్‌లో నలుగురికీ చూపిస్తుంది.

రెబ్వార్ అలా చెయ్యడు.
కత్తిరింపు అయ్యాక వెనక అద్దం పట్టేటప్పుడు
మెడ దగ్గరే ఆపేస్తాడు,
నడినెత్తి దాకా రానివ్వడు.
సులేమానియాలో వాళ్ళ నాన్న నేర్పిన మర్యాదట.
రెండేళ్ళుగా ఆ మర్యాదకి
రెండు పౌండ్లు ఎక్కువే ఇస్తున్నాను.

హెల్మెట్‌ని తిట్టాను. ఇక్కడి నీళ్ళని తిట్టాను.
ఉల్లిరసం పూసుకుని పడుకుని
సువర్చలని సోఫా మీదికి తరిమాను.
బోడిగుండుకీ మోకాలికీ ముడంటే ఇదే కాబోలు.

చిన్నప్పుడు అందరూ మురిసిపోయారు
అచ్చు మేనమామ పోలికేనని.
ఏ వయసు మామో ఎవరూ చెప్పలేదు.
"పాపం, ఆయన్నొక్కణ్ణీ అనకు" అంది డాక్టర్ గెడ్డెస్,
"మీ నాన్న వైపు వాటా కూడా ఉంటుంది."
కాగితం మీద గీసి చూపించింది:
ఊడిపోవడం కాదట ఇది,
కుదురు కుంచించుకుపోవడం.
తాడు దారమై, దారం నూగై,
నూగు ఇక పైకి రావడం మానేస్తుంది.
చేసేది పరాయివాడు కాదు,
పదహారేళ్ళప్పుడు మీసం ఇచ్చిన చెయ్యే.
ఇప్పటికీ గడ్డానికి ఎరువేస్తూ
నెత్తికి మాత్రం నీళ్ళు కట్టేస్తోంది.

జబ్బు కాదు కనుక సర్కారు ఖాతాలో రాదు.
నురుగు, పొద్దునా రాత్రీ.
మొదట్లో ఇంకా రాలుతుంది, భయపడి మానకు.
మానేస్తే వచ్చిందీ పోతుంది.
మాత్ర కూడా ఉంది.
దాని గురించి చెబుతూ
పడగ్గది సంగతులు, మనసులో దిగులు
వానొస్తుందా అన్నంత మామూలుగా అడిగింది.
ఇంట్లో ఎవరైనా గర్భవతా?
ఐదో నెల, అన్నాను.
విరిగిన మాత్ర ఆమె ముట్టుకోకూడదు.
ఇప్పటికి నురుగు చాలన్నాను.

వెంట్రుకతో కొండను లాగితే
వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు.
ఆ మాటన్నవాడికి
తలనిండా జుట్టు ఉండుంటుంది.

మూడో వారం దిండు మీద నలభై ఒకటి.
"లెక్కపెట్టొద్దన్నానా" అంది సువర్చల.
వంగి, కళ్ళజోడు సర్దుకుని,
"నలభై మూడు" అంది.

పాప ఒత్తైన పుట్టువెంట్రుకలతో దిగింది.
మూడో నెలకి తల వెనక,
పక్క రాసుకునే చోట, రూపాయంత నున్నగా.
అయ్యో అన్నవాళ్ళు లేరు.
వచ్చిన ప్రతివాళ్ళూ
సరిగ్గా అక్కడే ముద్దు పెట్టారు.

ఏడు నెలల ఫొటో పాతదాని పక్కన పెట్టి
"ఆగింది" అంది గెడ్డెస్.
"పెరిగిందా?"
"కొంచెం."
ఆమె వేలు పెట్టిన చోట
నాకేం కనబడలేదు.

నిన్న శనివారం. అద్దం
ఎప్పట్లాగే మెడ దగ్గర ఆగింది.
"రెబ్వార్, కాస్త పైకి" అన్నాను.
నా కళ్ళకేసి చూశాడు ముందద్దంలోంచి.
ఇంకాస్త, అన్నాను.