నీళ్ళల్ల మునిగే చేప

వరంగల్ అండర్‌బ్రిడ్జి దాటినంక
ఎడమచేతి పక్క, సైకిల్ ట్యూబుల దుకాణం నీడల
సిల్వర్ బేసిన్, జానెడు నీళ్ళు,
ఏడు కొర్రమట్టలు.
మీద తడి గోనెసంచి.
సంచి అప్పుడప్పుడు ఒక్కకాడ ఉబుకుతది,
కింది నుంచి ఎవరో ముక్కుతో తడిమినట్టు.

పొద్దుగాల ఆరింటికి కటాక్షపూర్ చెరువుల పట్టినయట.
ఇప్పుడు మూడు.
ఇంకా బతికే ఉన్నయి.

నేను నయీంనగర్‌ల ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్త.
బోర్డు మీద మొప్పలు గీసి
వాటి పైన ఒక చిన్న గది గీస్త.
"అదనపు శ్వాసావయవం. రెండు మార్కులు" అంట.
*చేప తన పరిసరాలకు అనుగుణంగా శరీరాన్ని మార్చుకుంది.*
ఈ వాక్యం పద్నాలుగేండ్ల సంది రాయిస్తున్న.
ఒక్కడు తప్పు పట్టలే.

మొగిలమ్మ పట్టింది,
కత్తిపీట ముంగట బూడిద చల్లుకుంట:
"మార్చుకునుడేంది సారూ,
చేప ఏమన్న చీర మార్చుకుంటదా?
చెరువు ఎండుతది. చేపలు సస్తయి.
సావనిది ఒకటుంటది,
దానికెందుకో గొంతుల జరంత ఎక్కువ సందు.
దాని పిల్లలకు ఆ సందు.
మల్ల ఎండుతది. మల్ల సస్తయి.
సచ్చినయే దీన్ని చేసినయి సారూ.
ఇది ఏం చేసుకోలే."

బొటనవేలితో మొప్పల మూత ఎత్తి చూపింది.
పైన, ఎర్రగ, ముడతలు ముడతలుగ,
కోడిపుంజు జుట్టు లెక్క.
ఎన్ని ఎండకాలాలు పట్టిందో ఇంత అర కట్టనీకి.
మేస్త్రీ లేడు. నక్ష లేదు.
నడుమల కూలిన గోడలకు లెక్క లేదు.

నేను మూడో తరగతిల ఉన్నప్పుడు, కరువు ఏడు,
మా చిన్నాయిన గడ్డపారతోని చెరువు అడుగు తవ్విండు.
నెర్రెల కింద మోచేతి లోతున
చెమ్మ బురదల ఒక చేప పండుకోనున్నది.
చేతుల పట్టుకుంటే నోరు తెరిచింది.
ఏదో చెప్తదని నేను చెవి పెట్టిన.
గాలి మింగి మూసుకుంది.

"ఇది ఉన్నదా మీ పుస్తకంల?" మొగిలమ్మ అడిగింది.
"దీన్ని నీళ్ళల్ల ముంచితే సస్తది.
మా ఓదెలు రాత్రి వల ఏస్తడు,
అడుగున చిక్కితే పైకి రానీకి తొవ్వుండదు.
తెల్లారి తీస్తే జెల్లలు కొట్టుకుంటనే ఉంటయి,
ఇది బిగుసుకపోయి ఉంటది.
నీళ్ళల్ల పుట్టి నీళ్ళల్ల మునిగి సచ్చుడు!"

పుస్తకంల ఉన్నది. ఒక్క లైను.
నేనే ఎన్నడూ గట్టిగ చదవలే.

మా నాయిన మిల్లుల ముప్పై ఏండ్లు.
ఆ మరల చప్పుడుకు చెవులు పోయి
పెదవులు చూసి మాట పట్టేటోడు.
మిల్లు మూతపడ్డంక ఇంట్ల ఊకెనే కూసుంటే
నిద్ర పట్టకపోయేది.
అవ్వ అర్ధరాత్రి లేచి
వంటింట్ల గిన్నెలు కడిగేది, కడిగినయే మల్ల,
ఆ లొడలొడకు ఆయన కన్ను మూసేటోడు.

ఒక బతుకుల ఒళ్ళు నేర్చింది
పిల్లల ఒంట్లకు దిగదు.
ఇది నాకు తెలుసు, నేనే చెప్త.
నా చెవులు మంచిగనే ఉన్నయి.
అయినా క్లాసుల ఎవరు లేచి మాట్లాడినా
నా చూపు పెదవుల మీదికే పోతది.
దాన్ని ఏ చాప్టర్‌ల పెట్టాల్నో తెల్వదు.

మొగిలమ్మ ఒకటి తూచింది. కిలోకు జర తక్కువ.
కొయ్యమంటవా అంటే వద్దన్న, ఎందుకో.
సంచిల నీళ్ళు పొయ్యలే.
"ఇంటిదాక బతుకుతది.
సంచి మూతి మాత్రం కట్టకు."

హంటర్ రోడ్డు మీద స్కూటర్.
ప్రతి స్పీడ్‌బ్రేకర్ కాడ
కాళ్ళ నడుమ సంచి ఒకసారి ఉబికింది.

రేపు తొమ్మిదింటికి సెకండియర్.
ఆ వాక్యంల కర్తను తుడవాలె.
తుడిచి ఎవరిని రాయాలె?
సచ్చినయన్నీ
ఒక్క బోర్డు మీద పట్టవు.