పదకొండు గ్రాములు

శ్రీకాకుళం మైదానం, పొద్దున్న ఆరున్నర.
తూకం బల్ల మీద నా రూలు కాగితం.
రెక్క మీటరున్నర దాటలేదు. సరే.
మోటారు సరే. ఎవరు చేశారు?
"నానే సేసినాను బాబూ."
గోళ్ళలో జిగురుంది. సరే.

బరువు దగ్గర ఆగాం.
రెండు కిలోల మీద పదకొండు గ్రాములు.

అందరిలా ప్లాస్టిక్ పొర కాదు,
గంజి పెట్టిన పొందూరు ఖద్దరు తొడిగాడు అసిరయ్య.
వాలుగ దవడతో ఏకిన పత్తి
రాత్రంతా నాగావళి మంచు తాగింది.

"గుడ్డకి దప్పికేసిందండి. ఎండ రానీండి."

ఎంతసేపు ఆరనివ్వాలో
కాగితంలో లేదు.
కుర్చీ జరిపి, రెక్క మీంచి నా నీడ తీసేశాను.

ఎనిమిదికి మళ్ళీ తూచాం.
ఇంకా ఒక్క గ్రాము.

చక్రానికి కట్టిన పసుపుదారం విప్పి
నా చేతిలో పెట్టాడు:
"ఇది దిగీదాక ఉంచండి."

ఎడమ గుప్పిట మూసుకునే
సంతకం పెట్టాను.