కొలతకు నిలబెట్టిన మనిషి

ఏడు గదులకు ఏడు బొమ్మలు.
గొట్టంలో చుట్టి తెచ్చి నా బల్ల మింద పరిచినాడు
కొత్త లాడ్జీ మేనేజరు చెన్నకేశవులు:
"అన్నీ ఒకటే. శుక్రవారానికి కావల్ల."

గండికోట లోయ.
నూటడెబ్బై ఏండ్ల కిందట ఎవురో దొర
గొడుగు కింద కూచోని ఏసిన నీళ్లరంగుల బొమ్మ.
ఆ మబ్బులు మనవి గావు,
మా జమ్మలమడుగు మింద అంత తీరుబాటుగా
మబ్బులు పండుకోంగ నేనెప్పుడూ చూల్లే.
బండలకు మాత్రం రంగు సరిగ్గా పడింది:
ఎండిన నెత్తురు, నడుమ తుప్పు,
నీడపడిన చోట వంకాయ తొక్క.
అడుగున పెన్న, సన్నంగా,
ఎవురో ఇప్పి మర్చిపోయిన మొలతాడు మాదిరి.

భూతద్దం పెట్టి మరకలు ఎతుకుతాంటే కనపడినాడు.
ఎడమపక్క, అంచుకు ఆనుకొని,
బండ కొనాకు ఒక మనిషి.
కొర్రగింజంత.
తలగుడ్డ తెల్లచుక్క, ఒళ్లు మట్టిరంగు గీత.
మొగం లేదు.

గడప మింద టీ తాగుతాండిన డ్రాయింగు అయ్యవారు ప్రభుదాసు
తొంగి చూసి చెప్పినాడు:
"అది మనిషి గాదు దస్తగిరీ, కొలత.
బండ ఎంత ఎత్తో తెలియాలని పెడతారు."

కొలతే అయితే కట్టె పాతొచ్చు గదా.
మేకల్ని యాడ ఇడిసిపెట్టి వచ్చినాడో.
నిలబడు అని ఏ భాషలో చెప్పినారో.
ఎంతసేపు?
కాళ్ల కింద బండ కాలిందా, చెప్పులుండెనా,
పొద్దు గుంకినాక చేతిలో ఏమన్నా పెట్టినారా,
తన బొమ్మ తనకన్నా చూపించినారా?

మా జేజినాయన ఆ కోటలోకే
దూదేకే విల్లు భుజాన ఏసుకోని పోయేటోడు.
అంగడి నిండా చట్రాలే,
ఆయన ఫోటో ఒక్కటి లేదు.

చిక్కంతా కట్టెతో వచ్చింది.
ముందే కోసిపెట్టిన చట్రాలు అరంగుళం పొట్టి.
కుడిపక్క కత్తిరిస్తే దొర సంతకం పోతాది,
ఎడమపక్క అయితే వీడు.
చెన్నకేశవులు ఫోన్లో నవ్వినాడు:
"సంతకం ఉండాలబ్బా, దానికే గదా దుడ్లు."

ఆరింటికి కొత్త కట్టె కోసినా, నా ఖర్చుతో.
ఏడోది, నేను నమాజుకు పోయొచ్చే లోపల
పిల్లోడు మాబు కత్తిరించేసినాడు.
కత్తి మంచిది.
గీత తిన్నగా వచ్చింది.

నాలుగో గదిలో తగిలించినారంట దాన్ని.
శనాదివారాలు బెంగుళూరు నుంచి జనం వస్తారు,
లోయ అంచున, కొనాకు, అదే చోట నిలబడి
సెల్లు పైకెత్తి తమ మొగాలు తీసుకుంటారు,
వెనక బండ అరచెయ్యంత.
రాత్రి ఆ గదిలో పండుకోని
గోడవంక చూస్తారో లేదో.
మనిషి లేని బండ
మోకాలెత్తో మబ్బెత్తో
ఎవురు చెప్పాల?

అరంగుళం ముక్క నా దగ్గరే ఉంది.
అంగడి అద్దానికి లోపల్నుంచి అంటించినా.
ఆయన ఇప్పుడు దేనికీ కొలత గాదు,
కింద లోయ లేదు,
ప్రొద్దుటూరు బస్సు పోయినప్పుడు
అద్దంతో పాటు రవ్వంత వణుకుతాడు.

మాపటేల షట్టరు దించేటప్పుడు
రోజూ నోటిదాకా వస్తాది:
ఇంక కూచో నాయనా.