పది బోల్టుల్లో ఆరు

ఎలియాజరు అట్టపెట్టె విప్పాడు.
రైల్వే క్వార్టర్ల కుర్రాడు, ఏడు నెలల జీతం పోసి
ఓడ మీద తెప్పించుకున్నాడట
అల్యూమినియం హెడ్డు,
అప్పుడే తోమిన పాలగిన్నెలా.
పెద్ద వాల్వులు, నున్నటి దారులు,
గాలి ఒకసారి లోపలికెళ్తే
వెనక్కి తిరిగి చూడదు.

నా బెంచీ మీద వాడి జీపు బ్లాకు.
ముప్పయ్యేళ్ల పోత ఇనుము.
ఏదో తుఫానులో మూడు రోజులు మునిగి లేచింది.
ఎవడో ఏళ్ల తరబడి
రేడియేటర్లో ఉప్పటి బోరునీళ్లు పోశాడు.

ఎత్తి మీద పెట్టి చూశాను.
పది బోల్టుల్లో ఆరు కలిశాయి.
"ఆరు కలిశాయి కదన్నా"
పెళ్లిచూపుల్లో మేనమామలా అన్నాడు.
ఒరే బాబూ,
ఇంజను ఆ మిగతా నాలుగింటి దగ్గరే ఊపిరొదిలేస్తాది.

నీలం పూసి అద్దాను.
ఇక్కడ మూడు మిల్లీమీటర్లు పక్కకి,
అక్కడ నాలుగున్నర,
రెండు నీటి కన్నాలు గాస్కెట్టుకి అవతల,
గోడ కూలిన ఇంట్లో కిటికీల్లా.
పాత కన్నాలు పూడ్చాలి.
పూడ్చాలంటే ముందు వాటిని
ఇంకా పెద్దవి చెయ్యాలి.

రెండోనాటి సాయంత్రం, మూడో కన్నం.
పొడి నల్లగా, ఎండుగా రాలుతోంది,
దంచిన మిరియాల్లా.
ఉన్నట్టుండి చేతికి బరువు తగ్గింది.
ఆ తేలిక తెలిసినవాడికి వెన్ను చల్లబడుతుంది.
పొడి ఎర్రగా వచ్చింది, తడిగా.
నీటి గది గోడని తుప్పు లోపల్నుంచి తినేసి
అప్పడమంత మందం మిగిల్చింది.

మోటారు ఆపాను.
తవిటినాయుడు రేడియో కూడా ఆపేశాడు, ఎందుకో.
టీ తెస్తున్న ఎలియాజరు గుమ్మంలో నిలబడి
నా మొహం చూశాడు, కన్నం చూడలేదు.
నలభై ఏళ్లలో నేను పాడుచేసినవి తొమ్మిది.
ఇది పదోది అని చెప్పబోయి
టీ తాగాను.

రాత్రి మల్కాపురంలో నిద్రపట్టలేదు.
రిఫైనరీ మంట కిటికీలో ఊగుతోంది.
ఉక్కు బిరడా బిగించొచ్చు గానీ,
కొత్త కన్నం సగం బిరడాలో, సగం బ్లాకులో పడతాది.
ఇనుము వేరైతే
డ్రిల్లు మెత్తటి వైపుకి ఒరిగిపోతాది.
అదే పోత కావాలి, అదే వయసుది.

పొద్దున్నే ఆటోనగర్ షెడ్డు వెనక
తుక్కులో వెతికాను.
వాన తడిసి పడుంది
మొన్న మేము విప్పి పారేసిన పాత హెడ్డు.
"దాంతో ఏటి పని మావా?"
తవిటినాయుడికి జవాబు చెప్పలేదు,
రంపం అందుకున్నాను.

ఆరు ముక్కలు. లేతు మీద ఆరు బిరడాలు.
మరలకి జిగురు పూసి బిగించి,
పైన పది థౌ గీసేసరికి
ఎక్కడ అతుకో నా వేలికి తెలీలేదు.
కంటికి తెలుస్తోంది,
ఆరు పల్చటి చంద్రవంకలు.

మర్నాడు కన్నాలు కుదిరాయి. పది.
రాత్రి గీసిన మొహానికి నూనె పూసి
గుడ్డ కప్పి వెళ్లాను.
లేకపోతే ఈ ఊళ్లో
తెల్లారేలోగా సముద్రం చెయ్యేసి పోతుంది.

పెద్ద వాల్వుకి బోరు అంచు తగలకుండా
గోరంత గోరంత చెక్కాను.
ఎంత సందుందో చూడ్డానికి బంకమట్టి అయిపోయింది.
తవిటినాయుడు క్యారేజీలోంచి
పూరీపిండి ముద్ద తీసిచ్చాడు,
సాయంత్రం వాళ్లావిడ తిట్టిందట.
పిస్టన్ మీద పెట్టి, హెడ్డు బిగించి,
చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పాం.
ఎనభై థౌ. చాలు.

నడిమి బోల్టు నుంచి బయటికి
మూడు విడతల బిగింపు.
తాళం ఎలియాజరు తిప్పాడు.
దగ్గాడు ఇంజను ఒకసారి, రెండుసార్లు,
తర్వాత పలికాడు.
కుర్రాడు ఏదో అరిచాడు, వినపడలేదు.
నేను నీళ్ల వైపే చూస్తున్నాను,
మూడో కన్నం దగ్గర.
అరగంట. బుడగ లేదు.

డబ్బు మర్నాడిస్తానని ఘాటెక్కడానికెళ్లిపోయాడు.
మర్నాడు రాలేదు.

అలమార్లో పెట్టిన పూరీపిండి ముక్క,
దాని మీద వాల్వు అచ్చు, గుండ్రంగా.
అంచు చుట్టూ చీమలు,
ఎవరూ గీయని కొలతకి కూడా
సరిగ్గా సరిపోయి తింటున్నాయి.